సోమవారం ఒక్కపొద్దు, మంగళవారం తూకం

నేను రిటైరైన రోజు సభలో అందరూ ఒకే మాట చెప్పారు. ఈయన ఉన్నచోట నవ్వులే నవ్వులు అని. దండల బరువుకు మెడ వంగి ఉంది కాబట్టి నా ముఖం ఎవరికీ కనబడలేదు. మైకు నా చేతికిచ్చినప్పుడు అలవాటు కొద్దీ నేనూ ఏదో అని నవ్వించి కూర్చున్నాను. వెనక వరసలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటి పిల్లలు కొందరు, పెద్దాయన భలే అన్నాడని చప్పట్లు కొట్టారు. మీకు ఆ రోజు చెప్పని సంగతి ఒకటి ఉంది. నా మొదటి ఉద్యోగంలో నేనొక జోకు వేశాను. దానివల్ల రెండేళ్ల పిల్ల చచ్చిపోబోయింది.

మాది బెజవాడ, మా నాన్న ప్రభుత్వంలో గుమాస్తా. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు ఫైళ్లతో పాటు మేమూ వచ్చాం. ఫైళ్లకు పెద్ద పెద్ద హాళ్లు దొరికాయి, మాకు నాంపల్లిలో రెండు గదుల వాటా దొరికింది. ఏడెనిమిదేళ్లు గడిచేసరికి నేను మూడో తరగతిలో బి.ఏ. ప్యాసై, ఇంట్లో కుర్చీ ఒకటి తక్కువని అందరికీ గుర్తుచేస్తూ కూర్చున్నాను. అప్పుడు స్టేషను వెనక మిషన్ కాంపౌండులో ఇంగ్లీషూ తెలుగూ వచ్చినవాడు కావాలన్నారని తెలిసింది. పాదిరిగారు నన్నొకటే ప్రశ్న అడిగారు.

"ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెప్పగలవా, ఏమీ కలపకుండా?"

చెప్పగలనన్నాను. ఆ ఉద్యోగంలో నా మొదటి అబద్ధం అది.

ఆవిడంటే విదేశం నుంచి వచ్చిన నర్సు. ఇరవై ఆరేళ్లుంటాయి. జీతం లేదు, ఓడ టిక్కెట్టు తనే కొనుక్కుని రెండేళ్లు సేవ చేయడానికి వచ్చింది. అందరూ సిస్టరమ్మ అనేవారు. మొదటిరోజే నేను తెలివి చూపించుకోవడానికి, మీ దేశంలో బీదపిల్లలు లేరా అని అడిగాను.

"ఉన్నారు," అంది కాగితాల మీంచి తలెత్తకుండా. "కానీ వాళ్ల మాట నాకు అర్థమవుతుంది. అప్పుడు నీకు ఉద్యోగం ఎలా దొరుకుతుంది?"

నాకు జోడీ దొరికిందనుకున్నాను.

పని చాలా చిన్నది. స్టేషను గూడ్సు షెడ్డు వెనక గుడిసెల్లో ఉండే తల్లులు ప్రతి మంగళవారం పిల్లల్ని తెచ్చేవారు. వరండా దూలానికి కట్టెల అడితిలో ఉండేలాంటి స్ప్రింగు త్రాసు వేలాడుతుండేది. దాని కొక్కేనికి, కాళ్లు దూర్చడానికి రెండు కంతలున్న గుడ్డసంచీ. అందులో పిల్లని కూర్చోబెడితే ముల్లు కదిలేది. సిస్టరమ్మ ప్రతి పిల్లకీ ఒక కార్డు తయారుచేసింది. అడుగున ఎర్రరంగు, మధ్యన పసుపు, పైన ఆకుపచ్చ, అన్నీ తన చేత్తో పెన్సిళ్లతో వేసినవే. వారం వారం ఒక చుక్క పెట్టి గీతతో కలిపేది. ఎరుపులో, పసుపులో ఉన్నవాళ్లకు వారానికొక డబ్బా పాలపొడి. చుక్క వరసగా రెండు మంగళవారాలు పచ్చలో పడితే ఆ పిల్లకు పాలు ఆపి, బయట ఎదురుచూస్తున్న ఇంకో పిల్లకు ఇచ్చేవాళ్లం. ఉన్న డబ్బాలు అన్నే.

ఇంకో మనిషి ఆయమ్మ. కాంపౌండులోనే పుట్టి పెరిగిన క్రైస్తవురాలు, అరవై దాటిన మనిషి, పాల గది తాళంచెవి ఆమె నడుముకే ఉండేది. సిస్టరమ్మ ఇంగ్లీషును నేను తెలుగు చేసేవాణ్ని. నా బెజవాడ తెలుగును ఆయమ్మ నాంపల్లి తెలుగు చేసేది. ఒక్కోసారి, "సారు ఏమంటున్నడంటే" అని ఆమె మొదలుపెట్టేసరికి నేనే శ్రద్ధగా వినేవాణ్ని.

సిస్టరమ్మ ప్రతి మంగళవారం పది నిమిషాలు మాట్లాడేది. చేతులు కడుక్కోవడం, నీళ్లు కాచుకోవడం, ఈగలు. ఉన్నదున్నట్టు చెబితే వరండా అంతా నిద్రపోయేది. అందుకని నేను కాస్త పోపు పెట్టేవాణ్ని. ఈగ మా ఇంటికి వచ్చిన మేనమామలాంటిది, కాళ్లు కడుక్కోకుండా నేరుగా అన్నం మీదికే వస్తుంది అని. తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఈ దేశంలో శుభ్రత గురించి చెబితే ఇంత సంతోషిస్తారా అని సిస్టరమ్మ ఆశ్చర్యపోయేది.

ఒక మంగళవారం వరసలో ఉన్న ఒకామె అడిగింది.

"మా పక్కింటి పోరనికి పాలు ఎందుకు బంద్ జేసిన్రు సారు? ఆమె పోయిన మంగళారం సంది ఏడుస్తున్నది."

నేను తర్జుమా చేశాను. సిస్టరమ్మ గొంతు తగ్గించి, "పిల్లాడు బలంగా తయారయ్యాడు, సంతోషించమని చెప్పు. రంగుల లెక్క మాత్రం చెప్పకు," అంది. ఎందుకు చెప్పకూడదో నేను అడగలేదు. అప్పటికే నాలుక మీద ఇంకోటి సిద్ధంగా ఉంది.

"అక్కా, మా దగ్గర లెక్క చాలా సులువు. లావైతే సలాం, బక్కగుంటే పాలు. రెండు వారాలు బలంగా కనబడ్డావా, డబ్బా బంద్. నన్ను చూడు, ఈ లెక్కన నాకు రోజుకు రెండు డబ్బాలు రావాలి."

అప్పట్లో నేను చొక్కా వేసిన గొడుగులా ఉండేవాణ్ని. వరండా గొల్లుమంది. ఏమన్నావని సిస్టరమ్మ అడిగితే, పిల్లాడు బలంగా ఉన్నాడన్నానని చెప్పాను. తర్వాత వారం నుంచి తల్లులు గేటులోకి వస్తూనే "లావైతే సలాం, సారు" అని పలకరించడం మొదలుపెట్టారు. ఒక మనిషి మాట ఊరి నోట్లో పడితే ఆ మనిషికి ఉండే గర్వం నాకు కలిగింది. దాచుకోను.

రెండు నెలలకు కార్డులు వింతగా తయారయ్యాయి. గీతలు పైకి వచ్చేవి, పచ్చరంగు అంచు దాకా వచ్చి, గేటు దగ్గర పోలీసు ఆపినట్టు ఆగిపోయేవి. ఒక పిల్ల కాదు, అందరూ. సిస్టరమ్మకు నిద్ర కరువైంది. నులిపురుగుల మందు పోసింది. బావి నీళ్లు పరీక్షకు పంపింది. డబ్బాలు విప్పి పొడి వాసన చూసింది. తన దేశంలోని పెద్దలకు ఆరు పేజీల ఉత్తరం రాసి, దాన్ని రిజిస్టరు చేయడానికి నన్ను వెంటబెట్టుకుని అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు వచ్చింది. క్యూలో నిలబడి, "నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను?" అని అడిగింది.

"ఈ ఊళ్లో ఎవరూ తొందరగా పైకి రారు," అన్నాను. "మా నాన్న ప్రమోషన్ చూడండి."

ఆవిడ నవ్వలేదు. ఆ వారమే ఆవిడకు ఇంకో అనుమానం వచ్చింది. పొడి ఇళ్లకు చేరకముందే పోతోందేమో. ఆయమ్మ దగ్గర తాళంచెవి తీసుకుని తన దగ్గరే పెట్టుకుంటానంది. ఆ మాట ఆయమ్మకు చెప్పాల్సింది నేనే. సూటిగా చెప్పడానికి నోరు రాక, "ఆయమ్మా, నీ నడుము మీద బరువు తగ్గిస్తారట," అన్నాను. ఆయమ్మ తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టింది. నన్ను కాదు, తాళంచెవినే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఆమె నా తెలుగును తెలుగు చేయడం తగ్గించేసింది.

సంగతి నా కళ్ల ముందే ఉంది. ఒక సోమవారం మధ్యాహ్నం గుడిసెల మీదుగా ఇంటికి వెళ్తుంటే ఎక్కడా పొయ్యి వెలగలేదు. పిల్లలు ఏడుస్తున్నారు. ఏమైందని ఒకామెను అడిగాను.

"ఇయ్యాల సోమారం గద సారు. ఒక్కపొద్దు."

"పిల్లలక్కూడానా?"

"ఔ సారు. పిల్లలకే."

ఒక్కపొద్దంటే ఉపవాసం. మా అమ్మ కూడా సోమవారాలు శివుడికని ఒంటిపూట ఉండేది. ఇంటికెళ్లి, "నీ భక్తి ఏపాటిది, మా గుడిసెల్లో పాలు తాగే పిల్లలే సోమవారం చేస్తున్నారు," అని ఆమెను ఏడిపించాను. పిల్లలకే అన్న మాట నా చెవిలో పడింది, అక్కడే ఆగిపోయింది. బి.ఏ. చదివినవాణ్ని.

ఇక ఆ మంగళవారం. మామిడిపళ్ల రోజులు. వరండా గచ్చు తొమ్మిది గంటలకే కాలుతోంది. వరసలో నాలుగో మనిషి, మొజంజాహీ మార్కెట్లో పళ్ల దుకాణాల వెనక కుళ్లినవి ఏరే పని చేసే ఆమె. ఆమె కూతురికి రెండేళ్లు. ఆ పిల్ల దగ్గర ఎప్పుడూ బత్తాయి వాసన వచ్చేది. నన్ను చూడగానే జేబులో కలం లాక్కునేది, ఇవ్వకపోతే కేకలు. క్రితం వారం దాని చుక్క పచ్చలో పడింది. మూడు నెలల్లో పచ్చలోకి వచ్చిన మొదటి పిల్ల అదేనని సిస్టరమ్మ ఆ చుక్క చుట్టూ చిన్న పువ్వు గీసింది కూడా.

ఆ రోజు పిల్ల కలం జోలికి రాలేదు. నాకు పని తగ్గిందనుకున్నాను.

సంచీలో కూర్చోబెట్టారు. ముల్లు చూసి సిస్టరమ్మ త్రాసు పాడైందంది. వారంలో ముప్పావు కిలో తగ్గడం ఏమిటి? పిల్లని తీయించి అయిదు కిలోల రాయి తగిలించింది. త్రాసు సరిగ్గా అయిదే చూపించింది. ఆవిడ వెనక్కి తిరిగేసరికి తల్లి భుజం మీద పిల్ల తల పక్కకు వాలిపోయింది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, ఎవర్నీ చూడటం లేదు. పెదాలు ఎండిపోయి తోలులా ఉన్నాయి.

"ఎప్పుడు తిన్నది? జ్వరమా, విరేచనాలా? అడుగు," అంది సిస్టరమ్మ.

అడిగాను. తల్లి నా వంక తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"జరం లేదు, ఏం లేదు సారు. మొన్న మాపటి సంది ఏం పెట్టలే. పోయిన మంగళారం మీదికి వోయింది గద, ఇంకో పాలి పోతే డబ్బా బంద్ అని మీరే చెప్పిన్రు. లావైతే సలాం అంటిరి. ఎప్పటి తీరుగ సోమారం ఒక్కపొద్దు ఉంచిన. నీళ్లు గూడ బరువే గద అని ఈపాలి నీళ్లు తాపలే."

"ఏమంటోంది?" అంది సిస్టరమ్మ.

నేను చెప్పింది ఇదీ. "జ్వరం వచ్చిందట. ఏమీ తినడం లేదట."

ఎందుకలా చెప్పానని ఇన్నేళ్లలో చాలాసార్లు ఆలోచించాను. ఆలోచించి చెప్పింది కాదు. వేడి గిన్నె తగిలితే చెయ్యి వెనక్కి వచ్చినట్టు నోరు దానంతటదే పక్కకు జరిగింది. సిస్టరమ్మ పిల్ల నుదురు పట్టి చూసింది. ఎండకు అందరి నుదుళ్లూ కాలుతూనే ఉన్నాయి. జ్వరం మందు సీసా అందుకుంది. తడిగుడ్డ తెమ్మంది.

ఆయమ్మకు ఇంగ్లీషు రాదని నేననుకునేవాణ్ని. నలభై ఏళ్లు మిషన్లో పనిచేసిన మనిషికి ఆ ఒక్క ముక్క రాకుండా ఎలా ఉంటుంది?

"పీవర్ అని ఎందుకు చెప్తున్నవ్ సారు?" అంది నా పక్కకొచ్చి, నా ఒక్కడికే వినబడేట్టు. "గామె చెప్పింది గది కాదు. సక్కగ జెప్పు. పిల్ల పోతది."

అప్పుడు చెప్పాను. తల్లి అన్న ప్రతి మాటా, ఒక్కటీ కలపకుండా, ఒక్కటీ తీయకుండా. సార్ చెప్పారు అన్నప్పుడు సిస్టరమ్మ "ఏ సార్?" అంది. నేనే అన్నాను. ఆవిడ నా ముఖం చూడలేదు. సీసా కింద పెట్టి, కాచిన నీళ్లలో చక్కెర, చిటికెడు ఉప్పు వేయమంది. అబద్ధానికీ నిజానికీ మధ్య అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ అర నిమిషాన్ని నేను ఏ లెక్కలో వేయాలో ఇప్పటికీ తెలియదు.

రిక్షాలో పెద్ద దవాఖానకు వెళ్లాం. సిస్టరమ్మ ఒళ్లో పిల్ల, తల్లి పక్కన, నేను రిక్షా వెంట పరుగు. చక్కెర నీళ్ల గ్లాసు నా చేతిలో. రిక్షా ఆగిన ప్రతిచోటా సిస్టరమ్మ చెంచా ముంచి పిల్ల పెదాలకు తాకించేది. మొదటి చెంచాలు పక్కనించి కారిపోయాయి. దవాఖాన గేటు దగ్గర గొంతు ఒకసారి కదిలింది. లోపల సూది గుచ్చి సెలైను ఎక్కించారు. డాక్టరు, ఇంకో గంట ఆగి ఉంటే అని మొదలుపెట్టాడు. సినిమాల్లో డాక్టర్లు ఈ మాట అన్నప్పుడల్లా నేను పక్కవాణ్ని మోచేత్తో పొడిచి నవ్వేవాణ్ని. అది వాళ్లు నిజంగా కూడా అంటారని అప్పుడే తెలిసింది.

సాయంత్రం పిల్ల కళ్లు తెరిచి ఏడ్చింది. తల్లి వరండాలోకి వచ్చింది. నన్ను తిడుతుందేమోనని లేచి నిలబడ్డాను. ఆమె నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"సారు, గిప్పుడు మల్ల తూస్తరా? జర బక్కగయింది గద. డబ్బా ఇస్తరా?"

ఆమె నాకు అర్థం కాలేదనుకుని విడమరిచి చెప్పింది.

"దీనికి ఇద్దరు అన్నలున్నరు. దీని డబ్బల పాలే ముగ్గురు తాగుతరు. బంద్ అయితే ముగ్గురికీ బంద్."

ఆ ఇంట్లో పాలు సంపాదించుకొచ్చే ప్రాణి ఆ పిల్ల ఒక్కతే. ఆ ఉద్యోగం నిలబడాలంటే బక్కగా ఉండాలి. ఈ షరతు వాళ్లకు చదివి వినిపించి, నవ్వించి మరీ ఒప్పించిన గుమాస్తాను నేను.

కాంపౌండుకు తిరిగొచ్చేసరికి ఆయమ్మ మిగతా తల్లుల్ని ఒక్కొక్కరినీ అడిగి ఉంచింది. సోమవారం గంజి మాత్రమే పోసేవాళ్లు కొందరు, ఏమీ పెట్టనివాళ్లు కొందరు. ఎవరి పద్ధతి మంచిదని వాళ్లలో వాళ్లు సలహాలు కూడా ఇచ్చుకున్నారట. పచ్చ అంచు దగ్గర గీతల్ని ఆపిన పోలీసులు వీళ్లే. ఇదంతా నేను సిస్టరమ్మకు చెప్పాను, చెప్పింది చెప్పినట్టు. ఉద్యోగం పోయిందనే నిశ్చయంతో ఇంగ్లీషు కూడా బాగా వచ్చింది.

ఆవిడ త్రాసు కొక్కెం నుంచి గుడ్డసంచీ విప్పి మడిచింది.

"ఆ నియమం నాది," అంది. "జోకు నీది. వాళ్లు చేసింది లెక్క మాత్రమే."

తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి, తెలుగులో క్షమించమని ఎలా అడగాలో చెప్పమంది. చెప్పాను. లోపలే రెండుసార్లు అనుకుని, ఆయమ్మ దగ్గరకెళ్లి, "నన్ను క్షమించు అమ్మా," అంది. ఆయమ్మ తాళంచెవి నడుముకు కట్టుకుంది. కట్టుకుంటూ నా వంక చూసింది.

"దేశం కాని దేశంకెల్లి వచ్చినామె, గామెకు వచ్చింది. నీకు రాదా సారు గా మాట?"

అడిగాను. నాకు ఆవిడకన్నా ఎక్కువసేపు పట్టింది.

సిస్టరమ్మ, పాదిరిగారు కూర్చుని నియమం మార్చారు. పచ్చలోకి వచ్చినా పాలు ఆగవు, డబ్బా కొంచెం చిన్నదవుతుంది, అంతే. అందరికీ కాస్త కాస్త తగ్గించి సర్దారు. తర్వాతి మంగళవారం ఈ సంగతి చెప్పే పని నాకే ఇచ్చారు. నేను రాత్రి కూర్చుని కాగితం మీద రాసుకున్నాను, ఒక్క పోపు గింజ లేకుండా.

"పిల్లలకు సోమవారం కడుపునిండా అన్నం పెట్టండి," అన్నాను వరండాలో నిలబడి. "లావైనా పాలు ఆగవు."

తల్లులు గొల్లుమన్నారు.

ఇంకోసారి చెప్పాను. ఇంకా నవ్వారు. ఒకామె, సారు ఇయ్యాల ముఖం భలే పెట్టిండు అంది. సిస్టరమ్మ నా వైపు తిరిగి, "ఏం కలిపావు?" అంది.

"ఏమీ కలపలేదు," అన్నాను. ఆవిడా నమ్మలేదు. ఆవిడ కళ్లు చూస్తే తెలిసింది.

రెండో వరసలోంచి మార్కెట్టు ఆమె లేచింది. పిల్ల దవాఖాన నుంచి వచ్చి మూడురోజులే అయింది, చంకలో ఉంది, చేతికి సూది గుచ్చినచోట ఇంకా నల్లగా ఉంది.

"నవ్వకుండ్రి," అంది. "సారు గిప్పుడు నవ్వుటందుకు చెప్తలేడు."

అప్పుడు ఆగారు. కానీ నవ్వు ఆగడం, నమ్మడం ఒకటి కాదు కదా. పాలు నిజంగా ఆగవని నా నోటిమాట మీద నమ్మి ఎవరు పొయ్యి ముట్టిస్తారు? మీరైనా ముట్టించరు. అందుకని ఆ సోమవారం నుంచి ఆయమ్మా నేనూ మధ్యాహ్నం గుడిసెలకు వెళ్లడం మొదలుపెట్టాం. పొయ్యి లేనిచోట నేను గుమ్మంలో కూర్చునేవాణ్ని. "సారు అన్నం తినకుండ లేవడంట," అని ఆయమ్మ ప్రకటించేది. ఇంటికొచ్చిన మనిషికి పెట్టకుండా ఉండలేరు, నాకు పెట్టి పిల్లకు పెట్టకుండా ఉండలేరు. వాళ్ల బియ్యం తినడం తప్పని నాకు తెలియకపోలేదు, అందుకే అమ్మకు చెప్పకుండా మా ఇంట్లోంచి తీసిన ఒక సంచీ బియ్యం ముందే ఆయమ్మ మోసుకెళ్లి ఇచ్చేది. ఆ బియ్యం ఎక్కడికి పోతున్నాయో, కొడుకు సోమవారాలు ఎవరెవరి ఇళ్లలో తింటున్నాడో మా అమ్మకు తెలిసినరోజు మా ఇంట్లో ఏం జరిగిందో వేరే రాయాలి. జొన్నరొట్టె, పచ్చిపులుసు, మేము గోంగూర అనే పుంటికూర, ఎవరింట్లో ఏముంటే అది తినేవాణ్ని.

గీతలు కదలడానికి మళ్లీ రెండు నెలలు పట్టింది. ముందు మార్కెట్టు ఆమె కూతురు, తర్వాత ఇంకొకరు, తర్వాత నలుగురైదుగురు. సిస్టరమ్మ పువ్వులు గీయడం మానేసింది. నేనూ తర్జుమాలో పోపు మానేశాను. వరండా సగం నిద్రపోయేది, పోనీయండి.

ఆవిడ రెండేళ్లు పూర్తయి వెళ్లిపోయే ముందు చివరి మంగళవారం. తూకాలయ్యాయి. మార్కెట్టు ఆమె కూతురు నా జేబులో కలం లాక్కుని పారిపోతోంది. సోమవారం భోజనాల పుణ్యమా అని నాకు బుగ్గలు వచ్చాయి, చొక్కా గుండీలు బిగిశాయి. ఆయమ్మ త్రాసు కింద నిలబడి నన్ను కిందినించి పైదాకా చూసింది.

"సారు, నువ్వు లావైనవ్," అంది. "నీకిగ పాలు బంద్."

వరండా అంతా నవ్వింది. ఎందుకో తెలియకుండానే ఆ పిల్ల కూడా నవ్వింది. ఆయమ్మ ఏమన్నదని సిస్టరమ్మ నన్నడిగింది. ఆ మాటను ఎవరైనా నిజమనుకున్నారేమోనని, తల్లుల ముఖాలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ నిలబడ్డాను.